చెరువు నిండుగా ఉంది, బోరెందుకు ఎండింది?

కట్టకు ఇవతల బోరు గాలి పోస్తుంటుంది, అవతల నీళ్ళు కళకళలాడుతుంటాయి. తెలంగాణలో, రాయలసీమలో ఇది కొత్త సంగతేం కాదు. ముందు లెక్క చూద్దాం. భూగర్భజలాల అంచనా కట్టేవాళ్ళు మామూలు చెరువులోంచి రోజుకు 1.4 మిల్లీమీటర్ల నీరు ఇంకుతుందని వేసుకుంటారు. సగటున పదెకరాల్లో 120 రోజులు నీళ్ళు నిలిస్తే 168 మి.మీ., అంటే దాదాపు 6,800 ఘనపు మీటర్లు. యాసంగి వరికి 1,200 మి.మీ. వేసుకుంటే అది ఎకరన్నరకు కూడా చాలదు. 500 మి.మీ. చాలనుకునే ఆరుతడి పంటకైతే మూడెకరాల పైన పారుతుంది.

అదే లెక్కలో, నీరు ఇంకించడానికే కట్టే ఊటచెరువుకు వచ్చేసరికి, దాని నిల్వలో సగం భూమిలోకి పోతుందని పెట్టుకుంటారు. ఇంత తేడా ఎక్కడిదంటే అడుగులోనే ఉంది. ఊటచెరువును మొరం, పగుళ్ళున్న రాయి మీద కడతారు. పాత చెరువు అడుగున తరాల ఒండ్రు పేరుకుని ఉంటుంది. జానెడు మెత్తటి బంకమట్టి చాలు, ఇంకుడు దాదాపు ఆగిపోతుంది. ఆ ఒండ్రు కట్ట దగ్గర, లోతైన చోట మందంగా ఉంటుంది. పైవైపు శిఖంలో, అంటే నీరు తగ్గితే బయటపడే చెరువు నేలలో, పల్చబడుతుంది. కాబట్టి ఎక్కువ ఇంకేది లోతు నీళ్ళ కింద కాదు, మోకాలి లోతు అంచుల్లో.

మీ చెరువు సంగతి తేల్చుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. గీతలు గీసిన స్కేలు ఒకటి తూము పక్కన కదలకుండా నాటండి. వాన లేని, వాగు రాని, తూము మూసిన పది రోజులు ఒకే వేళకు మట్టం రాయండి. దగ్గరి వాతావరణ కేంద్రం ఇచ్చే పాన్ ఆవిరి అంకెను, అంటే అక్కడి తొట్టిలోంచి రోజుకు ఆవిరైన నీటి లెక్కను, 0.7తో హెచ్చించి ఆ తగ్గుదలలోంచి తీసేయండి. రోజుకు 9 మి.మీ. తగ్గి, పాన్ 7 చూపితే, ఆవిరి 4.9, ఇంకింది 4.1. తూము కారుతుంటే ఈ లెక్కంతా వృథా, ముందు దాన్ని బాగు చేయించండి.

పూడిక తీయడంలోనే అసలు చెడిపోయేది. 2015లో తెలంగాణలో చెరువుల బాగుకు మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక పూడిక మాట ఊరూరా నలిగింది గానీ, ఎక్కడ తీయాలో చెప్పేవాళ్ళు తక్కువ. వేసవిలో కట్ట నుంచి శిఖం దాకా వరుసగా మీటరు లోతు గుంతలు తీసి, నల్లమట్టి ఎంత మందమో, మొరం ఎక్కడ తగులుతుందో చూడాలి. మందం తక్కువున్న చోట మొరం కనబడే దాకా గీకేసి ఆపేయాలి. కట్ట లోపలి అడుగు నుంచి కనీసం 10 మీటర్లు ముట్టుకోవద్దు: అక్కడి బంకమట్టే కట్ట కింద నుంచి నీరు ఊరకుండా ఆపుతుంది. దాన్ని తవ్వితే కట్ట అవతల బుగ్గలు లేస్తాయి, మట్టి కొట్టుకుపోతుంది, చివరికి గండి పడుతుంది. తీసిన మట్టిని చెరువులోనే కుప్ప పోస్తే మొదటి వానకు మళ్ళీ అడుగుకే చేరుతుంది. చల్క (తేలికపాటి ఎర్ర) నేలలకు తోలించండి. మురుగు కలిసే చెరువు మట్టిని మాత్రం పొలానికి ఎక్కించవద్దు.

ప్రొక్లెయినర్ తీసే నిలువు గోడల గుంతలు పశువులకూ పిల్లలకూ ప్రమాదం, కొంగలకు పనికిరావు. పది అడుగుల పొడవుకు ఒకడుగు దిగే వాలు ఉండాలి. జానెడు నీళ్ళలో మేసే పిట్టలకు కావలసిందీ, ఎక్కువగా ఇంకేదీ ఆ అంచే.

చెరువు వేసవిలో ఎండాలి. చాలామందికి ఇది రుచించదు. ఎండితే ఒండ్రు బీటలు వారుతుంది, కొత్త నీరు ఆ బీటల్లోంచి దిగుతుంది, తర్వాత మట్టి ఉబ్బి మూసుకుపోతుంది. ఎత్తిపోతల నీళ్ళతో ఏడాది పొడవునా నింపి ఉంచితే ఆ బీటలు పడవు. పైగా మేలో పాన్ ఆవిరి రోజుకు 10 మి.మీ. దాటుతుంది. అయితే పశువులకు, పక్షులకు వేసవిలో నీళ్ళుండాలి కదా. అందుకు విస్తీర్ణంలో పదోవంతు చోట, తూము గడప కంటే లోతుగా, కట్టకు దూరంగా ఒక్క మడుగు చాలు. నేలపట్టు, ఉప్పలపాడు పక్షుల కేంద్రాల్లోలా నీటి మధ్య చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టే చోట మాత్రం పిల్లలు ఎగిరిపోయేదాకా మట్టం దించవద్దు. నీరు పోతే కుక్కలు, నక్కలు చెట్ల కిందికి చేరతాయి. చేపల కాంట్రాక్టు కాగితంలో ఈ షరతు ముందే రాయించాలి.

ఒండ్రు మరీ మందంగా ఉంటే అడుగులో ఇంకుడు బోరు వేస్తారు. గొట్టం చుట్టూ గుంత తీసి కింద 5–20 సెం.మీ. బండరాళ్ళు, వాటిపైన 5–10 మి.మీ. కంకర, ఆ పైన 1.5–2 మి.మీ. ముతక ఇసుక పోయాలి. గొట్టానికి బెజ్జాలు ఆ రాళ్ళ పొరలోనే ఉండాలి, పైకప్పు మూసి ఉండాలి. ఏటా వేసవిలో ఇసుక పైపొర గీకి కొత్తది వేయకపోతే పూడుకుపోతుంది. మురుగు, పురుగుమందు నీళ్ళు వచ్చే చెరువులో ఈ పని అసలు వద్దు: మట్టి వడకట్టే అవకాశం లేకుండా విషం నేరుగా తాగునీటి బోర్లలోకి వెళ్తుంది.

ఇవన్నీ చేసినా కొన్ని బోర్లు నిండవు. చెరువుకూ బోరుకూ మధ్య భూమి లోపల నల్లరాతి గోడ అడ్డం పడి ఉంటే నీరు దాని పైవైపే ఆగిపోతుంది. నేల మీద వరుసగా తేలిన నల్లగుండ్లను బట్టి దాన్ని పోల్చుకోవచ్చు. కొత్త బోరు వేసేముందు ఆ వరుస ఎటు సాగుతుందో నడిచి చూసి, చెరువు ఉన్న వైపే పాయింటు పెట్టించుకోవాలి.