ఎర్ర లైటు వెలుగుతుండగానే "పరిష్కరించబడింది" అట

నిద్ర రావట్లేదు. నెట్ లేక కాదు, అది సాయంత్రమే వచ్చేసింది. ఫైబర్ నెట్ డబ్బా మీద, సిగ్నల్ అందట్లేదని చెప్పే ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా కొట్టుకుంటూ ఉండగానే నా ఫోన్‌కి "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది, అదే మింగుడు పడట్లేదు.

వానలు మొదలైన దగ్గర్నుంచీ ఇదే వరస. పెద్దదాని క్లాసు మధ్యలో ఆగిపోతుంది, ఈయన మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ నోరు తెరిచిన బొమ్మైపోతారు. కస్టమర్ కేర్‌లో ఎవరెత్తినా ఒకటే మాట, "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి మేడమ్." చేశానమ్మా అంటే మళ్ళీ చేయమంటారు. అసలు ఇంటికి నెట్టే రాకపోవడం వేరు, వచ్చిన నెట్ వెనక గదిదాకా అందకపోవడం వేరు కదా. మొదటిది బయటి తీగ సంగతి, రెండోది మన గోడల సంగతి. ఏ లైటు వెలుగుతోందని ఒక్క ముక్క అడిగితే తేలిపోతుంది, అదే అడగరు. ఎర్ర లైటు అంటే ఫైబర్‌లోంచి వెలుతురు సరిగ్గా డబ్బాకి చేరట్లేదని. స్విచ్ నొక్కితే చేరుతుందా?

ఫోన్ తీగ మీదే నెట్ నడిచిన డయలప్ రోజుల్లో నయం, పోతే ఎందుకు పోయిందో కళ్ళెదురుగా ఉండేది. తెనాలి ఇంట్లో బీఎస్‌ఎన్‌ఎల్ వాళ్ళ నెట్ నంబరు 172233కి డయల్ చేసి, ఆ మోడెమ్ కీచుమని, గరగరలాడి కుదుటపడేదాకా ఊపిరి బిగపట్టుకుని కూర్చునేవాళ్ళం. అన్నయ్య అమెరికా యూనివర్సిటీల అప్లికేషన్లు నింపుతుండేవాడు. సరిగ్గా పేజీ సగం దిగాక వంటింట్లోంచి అమ్మ వచ్చి, పెద్దమ్మతో మాట్లాడదామని రిసీవర్ ఎత్తేది. అంతే, అంతా పోయేది. వాడు ఫోన్ మీద తువ్వాలు కప్పడం మొదలుపెట్టాడు, ముట్టుకోవద్దని గుర్తు. అమ్మ ఆ తువ్వాలు తీసి, చక్కగా మడతపెట్టి, పక్కన పెట్టి మరీ ఫోన్ చేసేది. చివరికి వాడు రాత్రి అందరూ పడుకున్నాక కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు, నాన్న వాడికి తోడుగా కుర్చీలోనే కునికేవారు.

సరే, ఎక్కడికో పోయాను. కంపెనీ మార్చేయాలని రాద్దామనే మొదలుపెట్టాను, కానీ ఇప్పుడు మనసొప్పట్లేదు. నెట్ బాగుచేయడానికి తడిసి ముద్దై వచ్చిన ఆ అబ్బాయి వల్ల. వెలుతురు ఎంత చేరుతోందో మీటర్ పెట్టి చూసి "మైనస్ 29 ఉంది మేడమ్, 27 దాటితే నిలబడదు" అన్నాడు. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టట. తీగ వెంటే వెళ్ళి చూస్తే బాల్కనీ కిటికీ దగ్గర మడతపడి ఉంది, రెక్క వేసినప్పుడల్లా నొక్కుకుంటోంది. ఫైబర్ మడతపడితే లోపలి వెలుతురు బయటికి పోతుందట. వానకి కిటికీ మూస్తున్నాం, అందుకే వానప్పుడల్లా పోయేది! ఆ ముక్క కోసేసి, తొడుగు ఒలిచి, వెంట్రుకంత గాజుపోగును స్పిరిట్‌తో తుడిచి మెషీన్‌లో పెట్టాడు. చిన్న తెర మీద రెండు కొసలూ దగ్గరికి జరిగి, ఒక్క మెరుపుతో అతుక్కున్నాయి. మీటర్ మైనస్ 19కి వచ్చింది.

ఆ మెసేజ్ సంగతి అడిగితే, టైము దాటితే పెనాల్టీ అని ఆఫీసులో ముందే క్లోజ్ చేసేస్తారన్నాడు. అంటే పని చేసేది వాళ్ళు, అబద్ధం పంపేది ఇంకొకరు. కనెక్షన్ ఉంచుతాను గానీ, ఆ అబద్ధం గురించి మాత్రం కంపెనీకి గట్టిగా రాస్తాను.

అత్తయ్య హాల్లో కూర్చుని వదినతో వీడియో కాల్ హాయిగా మాట్లాడారు. తన గదిలో మాత్రం ఇంకా అంతే, మధ్యలో తొమ్మిదంగుళాల గోడ, దానికి ఆనించి ఇనప బీరువా. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ అయితే అక్కడిదాకా రానే రాదు, 2.4 ఏదో ఈదుకుంటూ వస్తుంది. వైఫైని అందుకుని మళ్ళీ ముందుకి పంపే రిపీటర్ కొందామనుకున్నాను గానీ, మామూలువి తీసుకునేదీ ఇచ్చేదీ ఒకే దారిలో కాబట్టి స్పీడు సగానికి పడిపోతుందట, ఆ అబ్బాయే వద్దన్నాడు. అటక మీది పాత రౌటర్‌కి హాల్లోంచి కేట్ 6 నెట్ తీగ లాగి, ఆ రౌటర్‌లో ఫోన్లకీ కంప్యూటర్లకీ అడ్రసులిచ్చే డీహెచ్‌సీపీ ఆపేసి, ఉత్త వైఫై పంచే యాక్సెస్ పాయింట్‌లా వాడుకోమన్నాడు. తీగ రేపు ఈయన చేత తెప్పిస్తాను. గోడకి క్లిప్పులు కొట్టడానికి అత్తయ్య ఒప్పుకోవాలి, కిందటేడే సున్నాలు వేయించారు మరి.