సా నొక్కితే, రి లాగితే

మా నాన్న నలభై ఏళ్ళు హార్మోనియం వాయించారు. రేపల్లె చుట్టుపక్కల ఊళ్ళలో పద్య నాటకం ఆడితే, స్టేజీ పక్కన కాలి హార్మోనియం ముందు చాలాసార్లు ఆయనే ఉండేవారు. అమ్మ పోయాక మొదటిసారి ఈ మార్చిలో మా దగ్గరికి హ్యూస్టన్ వచ్చారు. రెండు వారాల్లో గుడి, పార్కు, మాల్ అన్నీ అయిపోయాయి. మధ్యాహ్నం పూట కిటికీ దగ్గర కూర్చుని వీధి వైపు చూస్తుండేవారు. నాకు టెన్షన్ పట్టుకుంది. నయాగరా తీసుకెళ్ళమని చెల్లెలు ఫోన్లో అంది. నాకు మాత్రం పక్క రాష్ట్రం లూయిజియానా తట్టింది. అక్కడి పబ్బుల్లో ఫ్రెంచి పాటల కేజన్ సంగీతం ఉంటుంది, దానికి అకార్డియన్ వాయిస్తారు. అకార్డియన్ అంటే ఒక రకంగా హార్మోనియానికి దాయాదే. రెంటిలోనూ తిత్తి గాలి కొడితే లోపలి ఇత్తడి, ఉక్కు నాలుకలు ఊగి స్వరం పుడుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరాం. ఐ-10 హైవే మీద లఫాయెట్‌కి మూడున్నర గంటలు. లేక్ చార్లెస్ దాటి క్రౌలీ వైపు వస్తుంటే రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళు నిలిచిన మళ్ళు, వాటిలో వరసగా తేలుతున్న ఎర్రటి మూతులు. నాన్న కారు ఆపమన్నారు.

"వరి చేలా, చెరువులా ఇవి?"

రెండూనని చెప్పాను. వేసవి చివర్లో వరి కోశాక అదే పొలానికి నీళ్ళు పెట్టి క్రాఫిష్ పెంచుతారు. అవి ఎండ్రకాయ గోళ్ళున్న రొయ్యల్లాంటివి. మోళ్ళకి వచ్చే పిలకలు వాటికి మేత. ఎర్రటి మూతులు వలబుట్టలవి. నాన్న గట్టు మీద నిలబడి చాలాసేపు చూశారు. మా వైపు వరి తీసేసి రొయ్యల చెరువులు తవ్వితే మళ్ళీ వరికి వెళ్ళినవాళ్ళు తక్కువ. "అయితే వీళ్ళు మడిని మడిగానే ఉంచారు" అన్నారు.

శనివారం పొద్దున యూనిస్ వెళ్ళాం. అకార్డియన్లు తయారుచేసే మార్క్ సావాయ్ దుకాణం అక్కడుంది. శనివారం ఉదయాల్లో ఎవరి వాయిద్యం వాళ్ళు తెచ్చుకుని వచ్చి కూర్చుని వాయిస్తారు. టికెట్ లేదు, స్టేజీ లేదు. ఎనభై దాటినవాళ్ళు, పన్నెండేళ్ళ పిల్లలు ఒకే గుండ్రంలో. ఒకాయన ఇనుప త్రికోణం కొడుతున్నాడు. దాన్ని వాళ్ళ ఫ్రెంచిలో "చిన్న ఇనుము" అంటారు. పూర్వం గడ్డి పోగుచేసే యంత్రం పళ్ళని వంచి చేసేవారట.

మా పక్కన కూర్చున్న పెద్దావిడ చెప్పిన మాట నాన్నకి తెలుగులో చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పట్టేసింది. ఆవిడ బడికి వెళ్ళేనాటికి ఇంగ్లీషు రాదు. తరగతిలో ఫ్రెంచి మాట్లాడినందుకు "బళ్ళో ఫ్రెంచి మాట్లాడను" అని పలక నిండా రాయించారట. 1921 రాష్ట్ర రాజ్యాంగం బడి చదువంతా ఇంగ్లీషులోనే ఉండాలంది. ఆ తరం వాళ్ళు తమ పిల్లలకి ఫ్రెంచి నేర్పలేదు, తాము పడ్డ అవమానం వాళ్ళు పడకూడదని. ఆ భాషని కాపాడటానికి ప్రభుత్వం ఒక సంస్థ పెట్టేసరికి 1968 వచ్చింది. "నా మనవడికి మాట్లాడటం రాదు, పాటలు మాత్రం అన్నీ వచ్చు" అంది ఆవిడ. నాన్న వెంటనే వెనక్కి తిరిగి నా వైపు చూశారు. మా అబ్బాయి సంగతి ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. దాని గురించి మేమిద్దరం ఏమీ అనుకోలేదు.

ఫ్రెంచి మాట్లాడిన ఈ జనం అసలు ఇక్కడి వాళ్ళు కారు. కెనడా తూర్పు తీరంలోని అకేడియాలో ఫ్రెంచి రైతులు. 1755లో బ్రిటిష్ వాళ్ళు వాళ్ళని ఓడలెక్కించి వెళ్ళగొట్టారు. కొంపలు కాల్చారు, కుటుంబాలు చెదిరిపోయాయి. 1764-65 నుంచి గుంపులు గుంపులుగా ఈ చిత్తడి నేలలకి చేరారు. అకేడియన్ అన్న మాటే నోట్లో అరిగి కేజన్ అయింది.

అసలు మేం వచ్చింది శనివారం రాత్రి కోసం. లఫాయెట్‌లో ఒక పాత చెక్క పబ్బు, వెనక వసారా, పైన రేకులు. ఐదుగురు కుర్రాళ్ళ బ్యాండ్: అకార్డియన్, ఫిడేలు, ఎలక్ట్రిక్ గిటార్, బేస్, డ్రమ్స్. నాన్నకి ఒక కోక్ తెచ్చిచ్చి స్పీకర్లకి దూరంగా స్తంభం పక్కన కూర్చోబెట్టాను. పొద్దున విన్నది నచ్చింది కదా, ఈ గోల నచ్చుతుందో లేదోనని నా భయం. మొదటి పాటకి డ్రమ్ము పడగానే ఆయన చెవి మీద చెయ్యి పెట్టుకున్నారు. రెండో పాట వాల్ట్జ్, మూడు దెబ్బల నడక. చెయ్యి చెవి మీంచి మోకాలి మీదకి దిగింది. తిశ్రం వేస్తున్నారు.

గాయకుడు మాట్లాడేదంతా ఇంగ్లీషు, పాడేదంతా ఫ్రెంచి. గొంతు మాత్రం విచిత్రం. గిటార్ మంటలా లేస్తుంటే దాని మీద నుంచి ఏడుపులాంటి ఎత్తైన కేక వేసి దిగుతాడు.

"ఇది మైకుల్లేని రోజుల గొంతురా" అన్నారు నాన్న నా చెవిలో. "వెనక వరసలో వాడికి వినపడాలని పాడిన గొంతు. మైకొచ్చినా వీడు దించలేదు."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఈ పాటలు పుట్టింది ఇళ్ళలో. సామాన్లు బయటపెట్టి గది ఖాళీ చేసి డాన్సు చేసేవాళ్ళు. వందమంది అడుగుల చప్పుడు మీద ఒక్క అకార్డియన్, ఒక్క గొంతు వినిపించాలి. పిల్లల్ని పక్క గదిలో పడుకోబెట్టి "ఫే దోదో" అనేవారు, బజ్జో అని. ఆ మాటే తర్వాత ఆ డాన్సులకి పేరైంది. నాటకం ముందు చాపల మీద నిద్రపోయిన నా చిన్నతనం గుర్తొచ్చింది. కాటి సీనుకి లేపమని చెప్పి పడుకునేవాణ్ణి, ఎవరూ లేపేవారు కాదు.

మూడో పాట దగ్గర అసలు సంగతి జరిగింది. డ్రమ్ము నెమ్మదించింది. గిటార్ కుర్రాడు వేలికి గాజు గొట్టం తొడుక్కుని తీగల మీద జారుస్తూ బ్లూస్, అంటే నల్లజాతివాళ్ళ దిగులు పాట, మొదలుపెట్టాడు. అకార్డియన్ అందుకుంది. నాన్న ముందుకి వంగారు.

"పెట్టె ఒకటో శ్రుతిది కదా?"

"అవును, సి అంటారు."

"పాట ఐదులో ఉంది. ఒకటి పెట్టె మీద ఐదులో వాయిస్తున్నాడు. అందుకే నిషాదం దిగింది. శంకరాభరణం మెట్ల మీదే హరికాంభోజి పలుకుతోంది. విను."

విన్నాను. ఇంటర్నెట్‌లో ఎన్నో వీడియోలు చూసినా నాకు తెలియని విషయం ఆయనకి మూడు నిమిషాల్లో దొరికింది. ఆ పెట్టెలో సి స్వరాలు తప్ప వేరేవి లేవు. పంచమాన్ని షడ్జం చేసుకుంటే పై నిషాదం సహజంగానే కోమలం అవుతుంది. బ్లూస్‌కి కావలసిన దిగులు అలా వస్తుంది. పెట్టెలో లేని గాంధారపు వంపుల్ని ఫిడేలు, గొంతు, గిటార్ జార్చి పలికిస్తాయి. అంటే బ్లూస్‌ని ఈ కుర్రాళ్ళు కొత్తగా తెచ్చి అతికించలేదు. 1929లో అమెడె ఆర్డ్వాన్ అనే క్రియోల్ (ఫ్రెంచి మాట్లాడే నల్లజాతి) అకార్డియన్ కళాకారుడు, డెనిస్ మెగీ అనే తెల్ల ఫిడేలు కళాకారుడు కలిసి రికార్డు చేసిన నాటికే అది ఈ సంగీతంలో ఉంది. ఈనాటి కేజన్ అకార్డియన్ చాలావరకు ఆర్డ్వాన్ వేసిన బాట. చెమట తుడుచుకోమని ఒక తెల్లావిడ చేతిరుమాలు ఇస్తే తీసుకున్నందుకు ఆయన్ని చావబాదారని ఇక్కడందరూ చెబుతారు. 1942లో పైన్‌విల్‌లోని ఆస్పత్రిలో పోయాడు. ఈ సంగీతాన్ని ప్రేమించేవాళ్ళు ఆ పేరు మర్చిపోకూడదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

విరామంలో నేను నాన్నతో అన్నాను, గిటార్లూ డ్రమ్ములూ చేరి కేజన్ పాడైపోయిందనే పెద్దవాళ్ళు కూడా ఉంటారని. ఆయన ఒప్పుకోలేదు. "హార్మోనీ ఎక్కణ్ణించి వచ్చింది? తెల్లవాళ్ళ దగ్గర్నించి. మన సంగీతానికి పనికిరాదని రేడియోలో ముప్ఫై ఏళ్ళు రానివ్వలేదు. ఈలోగా ఊళ్ళలో నాటకం నడిపింది అదేగా." ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని ఆపింది, 1971లో కొంతవరకు సడలించింది. ఇక్కడా అకార్డియన్ జర్మనీ నుంచి వచ్చిన అతిథే. అంతకుముందు ఫిడేళ్ళే. 1930లలో అకార్డియన్ వెనకబడి తీగవాద్యాల బ్యాండ్లు వచ్చాయి. హాక్‌బెర్రీ రాంబ్లర్స్ అయితే కరెంటు లేని హాళ్ళలో ఫోర్డు మోడల్-టి కారు ఇంజన్ ఆడిస్తూ దాని కరెంటుతో మైకులు నడిపారు. 1948లో ఐరీ లెజూన్ అనే అకార్డియన్ కళాకారుడు ఇచ్చిన రికార్డుతో అకార్డియన్ మళ్ళీ పైకొచ్చింది. ఏది పాతదో ఏది కొత్తదో గీత గీయాలంటే ఎక్కడ గీయాలి?

అకార్డియన్ కుర్రాడు నీళ్ళు తాగడానికి మా వైపు వచ్చాడు. నాన్న హార్మోనిస్టని చెప్పాను. ఫోన్లో ఫోటో చూపించాను. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, పెట్టె తెచ్చి నాన్న ఒళ్ళో పెట్టాడు. చిన్నది, చెక్కది. కుడిచేతికి పది బొత్తాలు, ఎడమచేతికి రెండు, పైన నాలుగు మీటలు. నాన్న ఒక బొత్తాం నొక్కి తిత్తి మూశారు. సా. అదే బొత్తాం మీద వేలు ఉంచి తిత్తి లాగారు. రి వచ్చింది. ఆయన ముఖం చూడాలి!

హార్మోనియంలో గాలి ఎటు కొట్టినా మెట్టు పలికేది ఒకటే స్వరం. ఇక్కడ మూస్తే ఒకటి, తెరిస్తే ఒకటి. నాన్న రెండో బొత్తానికి వెళ్ళారు. నొక్కితే గ, లాగితే మ. మూడోది ప, ద. నాలుగో బొత్తాం దగ్గర ఆగిపోయారు. నొక్కి నిషాదం కోసం వెతికారు, పై షడ్జం పలికింది. కుర్రాడు నవ్వి తిత్తిని లాగే దిక్కుకి తిప్పి చూపించాడు. నిషాదం అటువైపు ఉంది. ద, ని రెండూ లాగుడే. నాన్న తల ఊపి మళ్ళీ మొదటి నుంచి వెళ్ళారు. నొక్కు, లాగు, నొక్కు, లాగు, నొక్కు, లాగు, లాగు, నొక్కు. శంకరాభరణం ఆరోహణ పూర్తయింది. వసారాలో ఉన్న ఐదారుగురు చప్పట్లు కొట్టారు. ఈ సంగీతానికి ఆ కుదుపు, ఆ ఊపు ఎక్కణ్ణించి వస్తాయో నాకు అప్పుడు చేతికి తగిలినట్టు తెలిసింది. అడుగడుక్కీ తిత్తి దిక్కు మారుతుంటే పాట దానంతటదే అడుగులేస్తుంది.

రెండో భాగంలో రాక్ ఎక్కువ వాయించారు. రాత్రి పన్నెండు దాకా ఉన్నాం. ఒక పాట అయ్యాక నాన్న ఉన్నచోటే లేచి "వన్స్‌మోర్!" అని అరిచారు. నాటకాల్లో వినే అరుపు, అదే గొంతుతో. గాయకుడు చెయ్యి ఊపి ఆఖరి చరణం మళ్ళీ అందుకున్నాడు.

ఆదివారం పొద్దున మోటెల్ గదిలో కళ్ళు తెరిచేసరికి ఆయన మంచం అంచున కూర్చుని ఫోన్లో మాట్లాడుతున్నారు. రేపల్లెలో అప్పటికి సాయంత్రం. అవతల ఆయనతో ఇరవై ఏళ్ళు తబలా వాయించిన బాబాయి. దిండుని రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఫోన్ భుజానికి చెవికి మధ్య ఇరికించుకుని చెబుతున్నారు.

"కాదురా, ఒకే బొత్తాం... నొక్కితే సా, లాగితే రి... వింటున్నావా? ద, ని రెండూ లాగుడే."

అవతల నుంచి ఏదో ప్రశ్న వచ్చింది. నాన్న దిండుని మెల్లగా తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు.

"రాగం ఎలా తీస్తారంటావేంట్రా, మధ్యలో ఊపిరి తీసుకుంటుంది."