పట్టాదారు పాసు పుస్తకం ఏ భాష?

రైతు ఇంట్లో బీరువా అడుగున, పట్టుచీరల కింద భద్రంగా దాచుకునేది పట్టాదారు పాసు పుస్తకం. ఆ పేరులో 'దారు' పారసీ నుంచి వచ్చింది, 'పాసు' ఇంగ్లీషు, 'పుస్తకం' సంస్కృతం. భూమి హక్కుల చట్టం పేరులోకి కూడా ఈ పాసుబుక్కు ఎక్కింది, ఏళ్ళ తరబడి అక్షరం ముక్క రాని ముసలమ్మలు కూడా "నా పాసు పుస్తకం ఎక్కడ పెట్టావురా" అని అడుగుతూనే ఉన్నారు, ఇందులో ఏ ముక్క ఏ భాషదో అని ఎవరూ ఆగలేదు. తెలుగులో ఇంగ్లీషు కలిపేసి భాషని పాడు చేస్తున్నారు అని ఎవరైనా బాధపడుతుంటే నాకు ముందు ఈ పుస్తకమే గుర్తొస్తుంది.

ఇంగ్లీషు కలపడం అనగానే అందరూ హైటెక్ సిటీ వైపు చూస్తారు గానీ నన్నడిగితే ఒకసారి పొలం గట్టు మీద నిలబడి వినాలి. త్రీ ఫేజు ఇంకా ఇవ్వలేదు, స్టార్టరు ఊరికూరికే ట్రిప్ అవుతోంది, ఫ్యూజు పోయిందేమో లైన్‌మేన్‌కి ఫోన్ కొట్టు, ఈ-క్రాప్ చేయించావా, లోను రెన్యువల్‌కి ఎప్పుడెళ్తున్నావు... ఈ మాటలనే వాళ్ళలో చాలామంది కాన్వెంటు గడప తొక్కిన వాళ్ళు కాదు. మోటరు వచ్చింది, దాంతోపాటు పేరూ వచ్చింది, ఇద్దరినీ ఇంట్లోకి రానిచ్చారు, అంతే. ఆ మాటలు వాళ్ళ నోట్లో ఎంత హాయిగా ఇమిడిపోయాయంటే వాటిని వేరే భాష అనడానికి నాకు మనసొప్పదు.

పైగా ఊరికే తెచ్చి పెట్టుకోలేదు, మనకి తగ్గట్టు మలుచుకున్నాం. చివర ఉకారం చేర్చాం, హ్రస్వం తర్వాత వస్తే ఒత్తు పెట్టాం, అందుకే బస్సు, పెన్ను, కప్పు. దీర్ఘం తర్వాత అక్కర్లేదు కాబట్టి కారు, ఫోను, స్కూలు (రోడ్డు లాంటివి కొన్ని ఈ లెక్కకి లొంగవు, అవి వేరే సంగతి). ఇది ఎవరూ బడిలో నేర్పలేదు, ఏ వ్యాకరణం పుస్తకంలోనూ చదివి చేయలేదు. కొత్త ఇంగ్లీషు మాట రేపు పొద్దున వచ్చినా తెలుగు నోరు దానికి ఇదే మర్యాద చేస్తుంది.

నాకు మరీ ఇష్టమైనది క్రియల సంగతి. మనం ఇంగ్లీషు మాట పక్కన తెలుగు క్రియని ఎంత తూచి పెడతామో ఎప్పుడైనా గమనించారా? స్టేటస్ పెడతాం, హారన్ కొడతాం, బ్రేకు వేస్తాం, టెన్షన్ పడతాం, లీవు పెడతాం, రీచార్జ్ చేయిస్తాం, సిగ్నల్ పడుతుంది, కరెంటు పోతుంది. వీటిల్లో ఒకదాని బదులు ఇంకోటి పెట్టి చూడండి, వినలేం. నేను చేస్తే డౌన్‌లోడ్ చేశా, దానంతటది జరిగితే డౌన్‌లోడ్ అయింది. ఫోటో తీశా అంటే కెమెరా నా చేతిలో ఉంది, ఫోటో దిగా అంటే నేను కెమెరా ముందున్నా, ఆ తేడా పట్టుకునే సెల్ఫీకి కూడా 'దిగడం' అన్నారు జనం, ఎందుకంటే అక్కడ తీసేవాడూ దిగేవాడూ ఒకడే అయినా మన దృష్టి బొమ్మలో పడటం మీదే ఉంది కాబట్టి. ఇంత సున్నితంగా కలపాలంటే తెలుగు బాగా రావాలి. తెలుగు సరిగ్గా రానివాళ్ళు ఇలా కలపలేరు, వాళ్ళకి అన్నిటికీ 'చేయడం' ఒక్కటే దిక్కు.

ఇది ఇవాళ్టి రోగం అనుకునేవాళ్ళకి ఒక మాట. సీపీ బ్రౌన్ 1852లో తన పెద్ద తెలుగు నిఘంటువు అచ్చు వేయించాక 1854లో మిశ్రభాషా నిఘంటువు అని ఇంకోటి వేశాడు, తెలుగువాళ్ళ మాటల్లో దొర్లే పరాయి మాటల కోసమే విడిగా. అంటే అప్పటికే కలిపి మాట్లాడటం ఒక నిఘంటువుకి సరిపడా ఉంది! హాజరు, ఖర్చు, జవాబు, రాజీనామా ఇవన్నీ అలా వచ్చినవే, మేస్త్రీ అల్మారా పోర్చుగీసు వాళ్ళ దగ్గర్నుంచి వచ్చాయి, ఇప్పుడు వాటిని తీసేయమంటే ఎవరింట్లోనూ మాట సాగదు.

ఇక్కడ ఒక అన్యాయం ఉంది, అది చెప్పకుండా ముందుకెళ్ళలేను. తెలంగాణలో "జర ఆగు", "పరేషాన్ చేయకు" అని ఉర్దూ కలిపి మాట్లాడేవాళ్ళని ఎన్నేళ్ళు ఎగతాళి చేశారో మనందరికీ తెలుసు, సినిమాల్లో ఆ యాస కమెడియన్‌కో రౌడీకో ఇచ్చేవాళ్ళు. అదే ఇంగ్లీషు కలిపితే చదువుకున్నవాడు, హోదా ఉన్నవాడు. రెండూ కలపడమే కదా, రెండూ పక్కభాష నుంచి తెచ్చుకున్నవే కదా, మరి ఒకటి సంస్కారం ఇంకోటి మోటు ఎలా అయ్యాయి? ఇంగ్లీషు లోపల కూడా అంతే, "ఇస్కూలు", "ఇస్టేషను" అంటే నవ్వేవాళ్ళున్నారు, బస్సుకి ఒత్తు పెట్టిన తెలుగు నోరే అక్కడ ముందు ఇకారం పెట్టింది, ఒకటి ఒప్పయితే రెండోది తప్పెలా అవుతుంది. ఇవన్నీ మాట మీద తీర్పులు కాదు, మనిషి మీద తీర్పులు.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా చేస్తాం. ఆయన పోరాడిందే జనం నోట్లో ఉన్న భాషని రాతలోకి, చదువులోకి తేవాలని. అలాంటి మనిషి పుట్టినరోజు నాడు స్టేజీ ఎక్కి ఫోనుని చరవాణి అనమని పిల్లలకి చెప్పడం నాకు మింగుడు పడదు. ఆ పిల్లలు ఇంటికెళ్ళి చరవాణి అనరు, తెలుగంటే స్టేజీ మీద మాత్రమే మాట్లాడేది అని నేర్చుకుంటారు, అంతకంటే నష్టం ఏముంటుంది?

అలాగని నాకే బాధా లేదని కాదు. రెండున్నాయి.

ఒకటి చంటిపిల్లలతో మాట్లాడే తీరు. "మిల్క్ తాగు, హ్యాండ్స్ వాష్ చేస్కో, మూన్ చూడు, ఐస్ క్లోజ్ చేసుకుని పడుకో". ఇక్కడ కొత్త వస్తువు ఏదీ రాలేదు, పాలు చేతులు కళ్ళు చందమామ, మనిషి పుట్టగానే నేర్చుకునే మాటలు. స్కూల్లో వెనకబడతారని తల్లిదండ్రుల భయం, ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు రాక ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళు ప్రతి ఇంట్లో ఉన్నారు. కానీ పాలని మిల్క్ అన్నంత మాత్రాన ఇంగ్లీషు వచ్చేయదు, పోయేది మాత్రం కచ్చితంగా పోతుంది. అంకెలు చూడండి, రైతు బజారులో ఆవిడ "నలభై ఏడు ఇవ్వు బాబూ" అంటే డిగ్రీ చదివే కుర్రాడు "అంటే ఫార్టీ సెవెనా" అని అడుగుతున్నాడు. ఆ కుర్రాడి తప్పు కాదు, ఇంట్లో ఎవరూ అతని ముందు తెలుగులో లెక్కపెట్టలేదు. మెట్లెక్కుతూ ఒకటి రెండు మూడు అని అంటే చాలు కదా, దానికి పుస్తకం కూడా అక్కర్లేదు.

రెండోది ఇంకా పెద్దది. మా అమ్మని కిడ్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటాను, ఏ హాస్పిటలైతే ఏంలెండి, అన్ని చోట్లా ఇదే. ఆ డాక్టరు గారు మంచాయనే, తొందరపడరు, తెలుగులోనే మాట్లాడతారు. "చూడమ్మా, క్రియాటినిన్ కొంచెం ఎలివేటెడ్‌గా ఉంది, ప్రోటీన్ రెస్ట్రిక్ట్ చేయాలి, సోడియం తగ్గించాలి, ఫ్లూయిడ్స్ లిమిట్‌లో ఉంచుకోండి, పెయిన్ కిల్లర్స్ అవాయిడ్ చేయండి." అమ్మ అన్నిటికీ తలూపింది. బయటికొచ్చి "ఏం చెప్పారే" అంది.

దీని గురించి నేను చాలా ఆలోచించాను. ఆయన పూర్తిగా ఇంగ్లీషులో చెప్పుంటే అమ్మ "నాకు అర్థం కాలేదు బాబూ, తెలుగులో చెప్పండి" అని అడిగి ఉండేది, అందులో సిగ్గేమీ లేదు. కానీ ఇది తెలుగులాగే వినబడుతుంది, చివర చేయాలి ఉంచుకోవాలి అన్నీ మనవే, అందుకని అర్థం కాకపోతే లోపం తనదే అనుకుంటుంది మనిషి, ఇక నోరు విప్పి అడగదు. మా అమ్మకి ఇంగ్లీషు మాటలు రాక కాదు, షుగరు, బీపీ, స్కానింగు, సెలైను, టాబ్లెట్టు అన్నీ వచ్చు, రోజూ అంటుంది. ఎలివేటెడ్ రాదు, రెస్ట్రిక్ట్ రాదు. ఉప్పు తగ్గించు, పప్పూ మాంసం ఇంతకు మించి తినకు, రోజుకి ఇన్ని గ్లాసులే నీళ్ళు, ఒళ్ళు నొప్పులని షాపులో బిళ్ళ కొనుక్కుని వేసుకోకు, ఇలా చెప్పడానికి పట్టే టైము కూడా అంతే.

బ్యాంకుల్లో ఇంతకంటే ప్రమాదం. "మీ కేవైసీ ఎక్స్‌పైర్ అయింది, అప్‌డేట్ చేయకపోతే అకౌంట్ ఫ్రీజ్ అవుతుంది" ఈ మాట నిజం బ్యాంకువాళ్ళూ అంటారు, ఫోన్ చేసి మోసం చేసేవాళ్ళూ అచ్చం ఇలాగే అంటారు. పెద్దవాళ్ళకి రెండూ ఒకేలా సగం అర్థమై సగం భయం వేస్తాయి, ఆ భయంలోనే ఓటీపీ చెప్పేస్తారు. అసలువాడు అరటిపండు ఒలిచినట్టు చెప్పే అలవాటు చేసుకుంటే, అర్థం కాకుండా కంగారు పెట్టేవాడిని అనుమానించే వీలు పెద్దవాళ్ళకి ఉంటుంది.

కాబట్టి నాకు కలపడంతో పేచీ లేదు, నేనూ కలుపుతాను, ఈ పోస్టు నిండా అదే ఉంది. ఎదురుగా కూర్చున్న మనిషికి ఏ మాటలు వచ్చో చూసుకుని కలపమనే అంటున్నాను. డాక్టర్లు, బ్యాంకువాళ్ళు, ఆఫీసుల్లో కౌంటర్ల దగ్గర కూర్చునేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క చిన్న పని చేయండి, అంతా చెప్పాక "ఇంటికెళ్ళి ఏం చేస్తావో నాకు ఒకసారి చెప్పమ్మా" అని అడగండి. ఎక్కడ తెగిందో అప్పుడే తెలిసిపోతుంది.

మా వీధి చివర మెడికల్ షాపు కుర్రాడు ఇది ఎప్పట్నుంచో చేస్తున్నాడు. టాబ్లెట్ల కవరు మీద పెన్నుతో పొద్దున, రాత్రి అని తెలుగులో రాస్తాడు, తిన్నాకో తినకముందో రాస్తాడు, రాసి "ఇది ఎప్పుడేసుకుంటావు పెద్దమ్మా" అని అడిగి, ఆవిడ చెప్పిందాకా కవరు చేతికివ్వడు.