నీళ్లు రావడం లేదా, పోవడం లేదా?

అమ్మ మోకాళ్ల నొప్పుల వల్లే నాలుగేళ్ల క్రితం ఊళ్లోని ఇంట్లో వెస్టర్న్ కమోడ్ పెట్టించాం. మొన్న దసరాకు వెళ్లినప్పుడు ఆ బాత్రూములో కుళాయి కింద ఎప్పుడు చూసినా నిండు బకెట్టు ఉండటం గమనించి, ఎందుకని అడిగాను. "ఫ్లష్ రెండుసార్లు నొక్కినా పోవట్లేదు నాన్నా, బకెట్టుతో పోస్తే పోతోందిలే" అంది. వంగలేని మనిషి ఇన్ని నెలలుగా రోజుకు ఎన్నిసార్లు ఆ బకెట్టు ఎత్తుతోందో తలచుకుంటే నాకు చాలా బాధ కలిగింది. సెప్టిక్ ట్యాంకు నిండి ఉంటుందనీ, బండిని పిలిపించి తోడించమనీ పక్కింటివారు చెప్పారట. కానీ జవాబు అమ్మ మాటలోనే ఉంది. బకెట్టుతో పోస్తే పోతోందంటే పోయే దారి బాగానే ఉంది, పైనుంచి రావలసిన నీళ్లే రావలసినట్లు రావడం లేదు.

కమోడ్ అడుగున గొట్టం వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపులో ఎప్పుడూ కొంత నీరు నిలిచి, మురుగు వాసనను ఇంట్లోకి రానివ్వదు. లండన్‌లో గడియారాలు తయారుచేసే అలెగ్జాండర్ కమింగ్ 1775లో పేటెంటు పొందిన ఏర్పాటు ఇది. మలినం ఆ వంపు దాటాలంటే నీళ్లు ఒక్కసారిగా, జోరుగా దూకాలి. అవే నీళ్లు మెల్లగా జారితే వంపులోని నీటిలో కలిసిపోతాయే తప్ప దేన్నీ నెట్టుకుపోలేవు. అందుకే, ఏ భాగాన్నీ విప్పకముందే, సగం బకెట్టు నీళ్లు కమోడులో ఒక్క ఊపున పోసి చూడాలి. సర్రున దిగిపోతే లోపం ఫ్లష్ ట్యాంకులో గానీ, కమోడ్ అంచు కింద నీళ్లు దూకే రంధ్రాలలో గానీ ఉంటుంది. నీటిమట్టం పైకి లేచి నెమ్మదిగా దిగితే అడ్డు కింద ఉంటుంది. అప్పుడు మాత్రం మళ్లీ ఫ్లష్ నొక్కకూడదు, పొర్లిపోతుంది.

నేను ఫ్లష్ ట్యాంకు మూత తీసి చూశాను. లోపలి గోడ మీద కంపెనీ గీసిన గీతకు నాలుగు వేళ్ల కిందే నీళ్లు ఆగిపోతున్నాయి. నీళ్లు నిండగానే తేలి రాకను ఆపే ఫ్లోటు మరను కొద్దికొద్దిగా తిప్పుతూ మట్టాన్ని గీత దాకా తెచ్చాను. ట్యాంకులో ఎక్కువైన నీళ్లను కమోడులోకి వదిలే పొర్లు గొట్టం మూతికి కనీసం ఒక అంగుళం కిందే నీళ్లు ఆగేలా చూసుకోవాలి, లేకపోతే అవి రాత్రంతా కమోడులోకి కారిపోతూనే ఉంటాయి. ఇంతా చేసి మీట నొక్కితే కొంత మెరుగుపడింది గానీ, నీళ్లు చుట్టూ తిరగకుండా ఒక పక్క నుంచే సన్నగా జారాయి.

అప్పుడు చిన్న అద్దం ఒకటి తెచ్చి కమోడ్ అంచు కిందికి పట్టాను. నీళ్లు దూకవలసిన రంధ్రాలలో సగానికి పైగా కనిపించనే లేదు, వాటి మీద గోధుమరంగు గార పేరుకుపోయి ఉంది. మా ఊళ్లోది బోరు నీళ్లు. గిన్నెల మీద తెల్లటి పొర కట్టే ఆ ఉప్పే ఇక్కడ రంధ్రాలను పూడ్చేసింది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు పావుకిలో తెచ్చి, లీటరు గోరువెచ్చని నీళ్లలో కరిగించి, ట్యాంకులోని పొర్లు గొట్టం గుండా మెల్లగా పోశాను. ఆ దారిన పోస్తే అది అంచు లోపలి కాలువకు చేరుతుంది. రాత్రంతా అలా వదిలేసి, తెల్లవారాక కొబ్బరి చీపురు పుల్లతో ఒక్కొక్క రంధ్రాన్నీ పొడిచాను. మెత్తబడిన గార పలుకులు పలుకులుగా రాలింది. మరుగుతున్న నీళ్లు మాత్రం పోయకండి, పింగాణీ పగులుతుంది. నిమ్మ ఉప్పును గానీ యాసిడ్‌ను గానీ బ్లీచింగ్ పౌడరుతో కలపనే కూడదు. అలా కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది, మూసి ఉన్న బాత్రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది.

బకెట్టు నీళ్లు పోసినా దిగకపోతే మొదట రబ్బరు పంపు వాడి చూడాలి. తడి తుడుపు కాగితాలు, శానిటరీ ప్యాడ్లు వంపులో ఇరుక్కుంటే ప్లంబరు స్ప్రింగు వేసి లాగవలసి వస్తుంది. కమోడుతో పాటు స్నానాల గదిలో నీళ్లు కూడా నిలుస్తూ, గొట్టాలు గుడగుడమంటుంటే అప్పుడు బయటి చాంబరునూ, గాలి గొట్టాన్నీ, ఆ తరువాత సెప్టిక్ ట్యాంకునూ అనుమానించాలి. ట్యాంకును యంత్రంతోనే తోడించాలి. ఎంత తొందర ఉన్నా, ఎంత డబ్బు ఇస్తామన్నా, మనిషిని లోపలికి దింపకండి. అందులోని విషవాయువు క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని దింపి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నేరంగా పరిగణిస్తుంది.

ఆ ఉదయం మీట నొక్కగానే నీళ్లు నాలుగు వైపుల నుంచీ ఒక్కసారిగా దూకాయి. అమ్మ మళ్లీ ఒకసారి నొక్కి చూసి, ఆ బకెట్టులోని నీళ్లు పెరట్లో కరివేపాకు మొక్కకు పోయమంది. బోరు నీళ్లు మారవు కాబట్టి గార మళ్లీ పడుతుంది. మూడు నెలలకోసారి నిమ్మ ఉప్పు పోయడానికి క్యాలెండరులో గుర్తు పెట్టుకున్నాను.