తాగని నాకు తాగుబోతు పేరు తెచ్చిన థైరాయిడ్

మొన్న వచ్చిన రిపోర్టులో నా టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్ పరీక్ష అంకె, 3.1. ఇంట్లో చూసుకుంటే బీపీ 128/82. వేరేవాళ్లకు ఇవి ఉత్త అంకెలే. నాకైతే ఆ కాగితాన్ని జిరాక్స్ తీయించి వరంగల్ ఎనుమాముల మార్కెట్ గేటు దగ్గర నిలబడి పంచాలని ఉంది. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

నేను ఆ మార్కెట్లోనే ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. వయసు 48. ఆశా వర్కర్‌తో కలిసి మా కాలనీకి వచ్చిన నర్సు చూసి బీపీ ఉందని చెప్పింది. మా బాపుకూ ఉండేది కాబట్టి పెద్దగా ఆశ్చర్యపోలేదు. బాగా పేరున్న ఒక ప్రైవేటు డాక్టరుకు చూపించుకున్నాను. ఆమ్లోడిపిన్ రాశాడు, వేసుకున్నాను. అంతవరకు చెప్పుకోవడానికి ఏమీ లేదు.

బీపీ దిగలేదు. టెల్మిసార్టాన్ కలిపాడు. ఆ తర్వాత అటెనొలాల్. పై అంకె కొంచెం అటూ ఇటూ అయ్యేది కానీ కింది అంకె 110 దగ్గర మొండికేసి కూర్చుంది. ఈలోగా పొద్దున లేచేసరికి కళ్ల కింద సంచులు, మొహమంతా ఉబ్బు. గొంతు బొంగురు పోయింది. మాట నిదానమైంది. మిర్చి సీజన్లో మా మార్కెట్లో గొంతు బాగున్నవాడు ఎవడూ ఉండడు కాబట్టి ఆ నేరం మిర్చి ఘాటు మీదికి పోయింది. పాదాలు వాస్తే ఆమ్లోడిపిన్ వల్ల అన్నాడు డాక్టరు. ఆ గోలీతో కొందరికి పాదాలు వాచే మాట నిజమే. మరి మొహం ఎందుకు ఉబ్బిందో ఆయన అడగలేదు.

ఆయన అడిగింది వేరే.

ఆ క్లినిక్‌లో డాక్టరు గది తలుపు వేయరు. ఒకరిని చూస్తుంటే ఇంకో ఇద్దరు ముగ్గురు లోపలే బల్ల మీద కూర్చొని ఉంటారు. ఆ రోజు నా బీపీ 158/112. ఆయన మిషన్ వైపు, నా మొహం వైపు చూసి, "రోజుకు ఎంత తాగుతవయ్యా?" అన్నాడు. నీళ్ల గురించి అనుకొని మూడు లీటర్లన్నాను. బల్ల మీదివాళ్లు పగలబడి నవ్వారు. "నేను తాగను సార్" అంటే "అందరూ గిట్లనే అంటరు" అన్నాడు. మా ఆవిడ "లేదు సార్, ఆయన ముట్టనే ముట్టడు" అంది. "ఆడోళ్లు వెనకేసుకొచ్చి మొగుళ్లను ఇట్ల తయారు చేస్తరు. కూరల్ల ఉప్పు ఎంత పోస్తున్నవమ్మా?" అని ఆమె మీద పడ్డాడు. చీటీ పైన పెద్ద అక్షరాలతో 'ఆల్కహాల్ బంద్ చేయాలి' అని ఇంగ్లీషులో రాసి కింద రెండు గీతలు గీశాడు.

ఆ గీతలే నా కొంప ముంచాయి. మెడికల్ షాపులో కుర్రాడు చీటీ చదివి, "అంకుల్, ఈ గోలీలు వాడుతుంటే మందు బంద్ పెట్టాలె" అన్నాడు, వీధికి వినిపించేలా. పక్కన మా సేటుకు తెలిసిన హమాలీ మేస్త్రి నిలబడి ఉన్నాడు. తెల్లారేసరికి మార్కెట్ మొత్తానికి తెలిసింది. అప్పటికే లెక్కల్లో నేను మందగించాను, తూకం చిట్టీలు రాయడానికి మునుపటికన్నా ఎక్కువ సేపు పట్టేది. రెండూ కలిపి చూసుకొని సేటు నగదు లెక్క నా దగ్గర నుంచి తీసి నిన్న మొన్న చేరిన పిల్లవాడికి ఇచ్చాడు. "నీ ఆరోగ్యం కోసమే" అన్నాడు. మా బామ్మర్ది, నాకన్నా పన్నెండేళ్లు చిన్నోడు, ఇంటికొచ్చి నన్ను డాబా మీదికి పిలుచుకుపోయి, "బావా, నిజం చెప్పు, అక్కకు చెప్పన్లే. ఎన్ని దినాల సంది?" అన్నాడు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. నేను పుట్టింది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె. మా ఇంటి వెనకే ఈతవనం. పెండ్లయినా చావైనా కల్లు కుండ దిగనిదే పని జరగని ఊర్లో పెరిగి, ఇంతవరకు చుక్క నోట్లో పోసుకోలేదు. మేడారం జాతరలో మావాళ్లంతా కోడిని కోసుకొని సీసాలు ముందర పెట్టుకొని కూర్చుంటే, బండి దగ్గర సామాన్లకు కాపలా ఎప్పుడూ నేనే. తాగేవాళ్లు నన్ను చూసి నవ్వేవాళ్లు, పడ్డాను. తాగకుండానే తాగుబోతును అనిపించుకోవడం మాత్రం నా వల్ల కాలేదు.

దారి దొరికింది ఏప్రిల్‌లో. వరంగల్ ఎండ 40 దాటింది. ఇంట్లో పిల్లలు కూలర్ ముందు నుంచి లేవట్లేదు. నేను కూలర్ కట్టేయమని గొడవ చేసి చద్దరు కప్పుకొని పడుకుంటున్నాను. మా ఆవిడ రెండు రాత్రులు చూసి, "ఇది ఉప్పు బీమారి కాదు, తాగుడు బీమారి అంతకన్నా కాదు" అని హన్మకొండలో ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

లోపలికి పోగానే ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "సార్, ఆయన తాగడు." డాక్టరు తలెత్తి, "నేనడగలేదు కదమ్మా" అన్నారు. నాకు అక్కడే కళ్లలో నీళ్లు తిరిగాయి. తలుపు వేసి ఉంది కాబట్టి సరిపోయింది.

ఆయన నన్ను ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టారు. చేతిపట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదాని కన్నా ఎక్కువ చూపిస్తుందని, నా దండకు సరిపోయే పెద్ద పట్టీ తెప్పించి చూశారు. అయినా కింది అంకె ఎక్కువే. నిమిషం నిండా నాడి పట్టుకొని లెక్కపెడితే 52. కనుబొమల చివర్లు తడిమారు, మలబద్ధకం ఉందా అన్నారు. తర్వాత మోకాళ్ల మీద నిలబెట్టి మడమ వెనక రబ్బరు సుత్తితో కొట్టారు. పాదం కదిలింది కానీ మళ్లీ మామూలు చోటికి తీరిగ్గా వచ్చింది. "ఇది చూశావా, థైరాయిడ్ తక్కువైన లక్షణం" అని మా ఆవిడకు చూపించారు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 74. థైరాయిడ్ తక్కువైతే ఈ అంకె పెరుగుతుందట. కొలెస్టరాల్ కూడా ఎక్కువే.

థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే సన్న రక్తనాళాలు సడలకుండా బిగుసుకొని ఉంటాయట. అందుకే ముఖ్యంగా కింది అంకె పెరుగుతుంది. గుండె నెమ్మదిస్తుంది, మొహం ఉబ్బుతుంది, గొంతు మారుతుంది. అసలే నెమ్మదించిన గుండెకు అటెనొలాల్ ఇంకో బ్రేకు. కానీ దాన్ని ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని మెల్లమెల్లగా తగ్గించి తీసేశారు. ఈసీజీ తీశాక థైరాయిడ్ గోలీ 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయారు. మొదటే పెద్ద డోసు వేస్తే గుండె మీద భారం పడొచ్చని.

గోలీ వేసుకోవడం పెద్ద కష్టం కాదు. తెల్లారి ఐదింటికి ఉత్త నీళ్లతో, గంట దాకా చాయ్ లేదు. బీపీ గోలీలు టిఫిన్ తర్వాత. కాల్షియం, ఐరన్ గోలీలు ఉంటే నాలుగు గంటల తేడా ఉండాలి. వారం వారం పరీక్ష చేయించమని ల్యాబులవాళ్లు అంటారు, దండగ. డోసు మార్చాక టీఎస్‌హెచ్ కుదురుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. డబ్బుకు ఇబ్బంది అయితే సర్కారు దవాఖానలో రాయించుకుంటే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద ఈ పరీక్ష ఉచితం.

సలహాలిచ్చేవాళ్లు మాత్రం తెగ పుట్టుకొచ్చారు. గోబిగడ్డ, అదే క్యాబేజీ, బంద్ చేయమని ఒకరు. వండుకొని మామూలుగా తింటే ఏం కాదన్నారు డాక్టరు. సైంధవ ఉప్పు వాడమని ఒకరు. అందులోనూ ఉండేది సోడియమే, పైగా చాలావాటిలో అయోడిన్ కలపరు. సోడియం తక్కువ ఉప్పని ఇంకొకరు ప్యాకెట్ తెచ్చిచ్చారు. అందులో పొటాషియం ఉంటుంది, టెల్మిసార్టాన్ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టొద్దట. ఉప్పు రోజుకు ఐదు గ్రాముల లోపల ఉండాలి, అంటే చిన్న చెంచాడు. మామిడికాయ తొక్కు తగ్గించాను. అది మాత్రం బాధే.

మీ బీపీ మూడు రకాల గోలీలకు కూడా లొంగకపోతే, డాక్టరు మీ ఉప్పు డబ్బా మీద పడకముందే థైరాయిడ్ పరీక్ష రాయమని అడగండి. తలుపు వేయని డాక్టరు దగ్గరికైతే పోనే పోకండి, ఎంత పేరున్నా సరే.

థైరాయిడ్ కుదిరితే బీపీ పూర్తిగా పోతుందని నాకెవరూ చెప్పలేదు, పోలేదు కూడా. ఆమ్లోడిపిన్ కూడా ఆగింది, టెల్మిసార్టాన్ 40 నడుస్తోంది. మొహం దిగింది, గొంతు తెరుచుకుంది. సేటు నగదు పెట్టె తాళం మళ్లీ నా చేతికిచ్చాడు. ఎందుకు తీసుకున్నాడో, ఎందుకిచ్చాడో ఒక్క మాట చెప్పలేదు. బామ్మర్ది అయితే "నీకు ఆడోళ్ల బీమారి వచ్చిందట కదా బావా" అంటున్నాడు ఇప్పుడు. ఆడవాళ్లకు ఎక్కువగా వస్తుంది, మగవాళ్లకు రాదని ఎవరన్నారు?

ఇది కుటుంబాల్లో నడుస్తుందని డాక్టరు అన్నందుకు జనగామలో ఉన్న మా చెల్లెకు పరీక్ష చేయించాం. ఆమెకూ తేలింది, గోలీ మొదలుపెట్టింది. మా తమ్మునికి ఫోన్ చేస్తే మగోళ్లకు అవసరం లేదంటున్నాడు. ఆదివారం పోయి తీసుకొస్తాను.