కాగితం మీద ఉన్న ప్రహరీ

మా ఊరి ప్రాథమిక పాఠశాలకు మూడు వైపులా గోడ ఉంది. నాలుగో వైపు తారు రోడ్డు. 2022 జూలైలో ఒకరోజు ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే రెండో తరగతి పిల్లాడొకడు బంతి వెంట పరుగెత్తి రోడ్డెక్కాడు. ట్రాక్టర్ డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కాడు కాబట్టి సరిపోయింది. పిల్లాడికి దెబ్బేం తగల్లేదు గానీ, కాలి చెప్పు ఒకటి ముందు చక్రం కింద ఉండిపోయింది. నేను వెళ్లేసరికి వాడు ఆ చెప్పు కోసమే ఏడుస్తున్నాడు.

అప్పటికి నేను తల్లిదండ్రుల కమిటీ చైర్‌పర్సన్‌ని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు హెడ్మాస్టరు గారిని అడిగాను, "సార్, గోడకు డబ్బులు ఎక్కడి నుంచి వస్తాయి?"

"మన దగ్గర ఉన్నది స్కూల్ గ్రాంటేనమ్మా. దాంతో గోడ లేవదు" అన్నారాయన.

ఆయన చెప్పింది ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్ష కింద ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు గురించి. అది పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 31 నుంచి 100 మంది ఉంటే 25,000 రూపాయలు, 101 నుంచి 250 మంది ఉంటే 50,000. మా బడిలో 84 మంది. ఆ పాతిక వేలలోనే సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చిన్న రిపేర్లు. అందులోనూ కనీసం పదో వంతు పరిశుభ్రతకే పోవాలి. గోడ మాట అటుంచి, గేటు కూడా రాదు.

అర్జీ రాసుకుని మండల ఆఫీసుకు వెళ్లాం. అక్కడి ఉద్యోగి కంప్యూటర్‌లో చూసి, "మీ బడికి ప్రహరీ ఉంది కదమ్మా" అన్నారు. నాకు అర్థం కాలేదు. స్క్రీన్ నా వైపు తిప్పి చూపించారు. యూడైస్‌లో, అంటే అన్ని బడుల వివరాలూ ఏటా ఎక్కించే ప్రభుత్వ డేటాబేస్‌లో, మా బడి ప్రహరీ వివరం దగ్గర 'పక్కా' అని ఉంది. మూడు వైపులా గోడ కట్టిన ఏడాది ఎవరో అలా ఎక్కించి ఉంటారు. తర్వాత ఏటా అదే కొనసాగింది. ఏ బడికి ఏం లేదో చూసి ప్లాన్ వేసేది ఆ లెక్కలతోనే. ఇన్నేళ్లూ మా బడి ఏ జాబితాలోకీ ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది.

కోపం వచ్చిన మాట నిజం. కానీ ఆ కోపంలో అరిచి వచ్చేస్తే లెక్క మారదు. యూడైస్‌కు సెప్టెంబరు 30 నాటి పరిస్థితే ఆధారం. ఆ తేదీకి రెండు నెలలు కూడా లేవు. చుట్టుపక్కల బడులను చూసుకునే క్లస్టర్ రిసోర్స్ పర్సన్ (సీఆర్పీ) గారిని పిలిపించి టేపు పట్టి కొలిచాం. టేపు ఒక కొస నేను పట్టుకున్నాను. గోడ లేని వైపు 41 మీటర్లు తేలింది. రోడ్డు కనపడేలా ఫోటోలు తీశాం. కమిటీ మీటింగు పెట్టి తీర్మానం రాశాం. అందులో రెండు విషయాలు పట్టుబట్టి చేర్పించాను. విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది కమిటీయే. ఇక బడికి ప్రహరీ గోడ గానీ కంచె గానీ ఉండాలని ఆ చట్టం షెడ్యూల్‌లోనే ఉంది. ఈ రెండో మాట రాశాక మాతో మాట్లాడే తీరు మారింది. ఆ ఏడాది యూడైస్‌లో 'పక్కా' పోయి 'పాక్షికం' వచ్చింది.

గోడకు దారి ఉపాధి హామీ పథకంలో దొరికింది. అక్కడా ఒక చిక్కు ఉంది. అప్పట్లో ఆ పథకంలో ఖర్చయ్యే ప్రతి 100 రూపాయల్లో కనీసం 60 కూలికే పోవాల్సి ఉండేది, మెటీరియల్‌కు 40 దాటకూడదు. గోడంటే ఇటుక, సిమెంటు, ఇనుము, అంతా మెటీరియలే. అయితే ఆ లెక్క ఒక్క పనికి కాదు, అన్ని పనులూ కలిపి చూసేవారు. అందుకని కూలి ఎక్కువుండే పూడికతీత పనులతో పాటు మా గోడనూ పెట్టమని అక్టోబరు గ్రామసభలో అడిగాను. నా వెనక పొదుపు సంఘం ఆడవాళ్లు ఇరవై మంది లేచి నిలబడ్డారు. సర్పంచి గారు కాదనలేదు.

ఎస్టిమేట్ వచ్చాక చూస్తే గోడ ఉంది, గేటు లేదు. పన్నెండు అడుగుల ఖాళీ సరిగ్గా రోడ్డు మీదికే తెరుచుకుంటోంది. "గేటు తర్వాత చూద్దాంలేమ్మా" అన్నారు ఇంజనీరు గారు. ఆయనకు ఆ చెప్పు సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. ఎస్టిమేట్ మార్చి తెచ్చేసరికి ఇంకో నెల పట్టింది. ఆ నెల పోతే పోయింది, అప్పుడు ఊరుకుని ఉంటే గేటు ఈరోజుకీ వచ్చేది కాదు.

మార్చిలో ఆ ఏడాది స్కూల్ గ్రాంటు ఖర్చు చేసే పని పడింది. డబ్బు బడి ఖాతాలో ఉండదు, ఇంతవరకు ఖర్చు చేయొచ్చని లిమిట్ మాత్రమే ఇస్తారు. 31లోపు వాడకపోతే అది పోతుంది. ఒకటో తరగతి గదిలో స్విచ్‌బోర్డు మూత ఊడిపోయి వైర్లు బయటికి వేలాడుతున్నాయి. వంటగదిలో మంటలార్పే సిలిండర్ గడువు దాటి ఏడాదైంది. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో ఒక బడి వంటశాల నిప్పు పూరి కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. ఆ ప్రమాదం తర్వాత వేసిన కేసులో 2009లో ప్రతి బడిలో మంటలార్పే పరికరాలు ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. మా వంటగది తరగతి గదికి పక్కనే. అందుకే రంగులు, బోర్డులు పక్కనపెట్టి ఈ రెండే ముందు చేయించాలన్నాను. ప్రభుత్వ డబ్బు చెల్లించే ఆన్‌లైన్ వ్యవస్థ పీఎఫ్ఎంఎస్‌లో ఎలక్ట్రీషియన్ పేరు లేదు. బ్యాంకు పుస్తకం జిరాక్స్ తెప్పించి, పేరు ఎక్కించి, బిల్లు పెట్టేసరికి 29వ తేదీ. ఆ మూడు రోజుల టెన్షన్ మామూలుది కాదు.

గోడ పని నాలుగడుగులు లేచాక ఆగింది. మెటీరియల్ బిల్లులు రాలేదన్నారు. పిల్లర్ల మీద ఇనుప చువ్వలు పిల్లల కంటి ఎత్తున పొడుచుకొచ్చి ఉన్నాయి. గోడ లేని రోజుల కన్నా అప్పుడే ఎక్కువ భయపడ్డాను. ఖాళీ నీళ్ల సీసాలు పోగేసి ఒక్కో చువ్వకు ఒక్కోటి బోర్లించాం. గాలికి ఎగిరిపోకుండా తాడుతో కట్టాం. ఆ సీసాలు మూడు నెలలు అలాగే ఉన్నాయి. ఈలోగా ప్రతి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కు వెళ్లి పాత రసీదు చూపించి కొత్త అర్జీ ఇచ్చేదాన్ని.

2023 సెప్టెంబరులో గేటు బిగించారు. ఒకటో తరగతి పిల్లలు మునివేళ్ల మీద నిలబడినా అందనంత ఎత్తులో గడియ పెట్టించాం. బెల్లు కొట్టాక ఆయా వచ్చి తీస్తుంది. కొత్త చైర్‌పర్సన్‌కు నేను అప్పగించిన ఫైల్లో తీర్మానం, ఎస్టిమేట్, రసీదులు ఉన్నాయి. అన్నిటికంటే పైన పాత యూడైస్ కాగితం పెట్టాను. వంటగదిని తరగతి గదులకు దూరంగా మార్చే పని ఇంకా మిగిలే ఉంది. దాని అర్జీ కాపీ కూడా అందులోనే ఉంది.