పులుపు తక్కువైన ఏడాది

చిత్తూరుకు సెలవు మీద వచ్చాను. అమ్మ చారుకు చింతపండు పిసుకుతుంటే నాసిక్ వైనరీలో నా మొదటి సీజను గుర్తొచ్చింది. ఎండలకు షిరాజ్ ద్రాక్షలో తీపి ఎక్కి పులుపు పడిపోయింది. వేడికి మాలిక్ ఆమ్లం పండు శ్వాసలోనే ఖర్చైపోతుంది మరి. పీహెచ్ (ఇది పెరిగితే పులుపు తగ్గినట్టు) 3.9! అంత పీహెచ్‌లో వైన్ రంగు మందగిస్తుంది, చెడిపోకుండా కాపాడే సల్ఫర్ డయాక్సైడ్ సరిగా పనిచేయదు, సూక్ష్మజీవులకు పండగ. పులియబెట్టకముందే లీటరుకు 2 గ్రాముల టార్టారిక్ ఆమ్లం కలపాల్సింది. నేనేమో రుచి చూసి, బాగానే ఉందిలే అనుకున్నాను (తీపి నన్ను మోసం చేసింది). మాలోలాక్టిక్ దశ (బ్యాక్టీరియా మాలిక్ ఆమ్లాన్ని పులుపు తక్కువైన లాక్టిక్ ఆమ్లంగా మార్చే దశ) దాటాక పీహెచ్ ఇంకా పెరిగింది. అప్పుడు కలిపిన పులుపు వైన్‌లో ఇమడలేదు, నాలుక మీద విడిగా తగిలింది.

చింతపండులోనూ ఆ టార్టారిక్ ఆమ్లమేనని అమ్మకు చెప్పాను.

"చారు మరిగాక పులుపు పోస్తే పచ్చివాసన రాదా నాన్నా?" అంది.